పావుగంట మామయ్య

మామయ్యని ఏది అడిగినా పావుగంట తరవాత జవాబు చెబుతాడు. ఆయన గురించి తెలుసుకోవలసిందంతా ఇంతే. మిగతాదంతా ఈ ఒక్క ముక్క చుట్టూ అల్లుకున్న గొడవ.

చెవుడు కాదు. మతిమరుపు అంతకన్నా కాదు. పోనీ పొగరనుకుందామా అంటే, వీధిలో కుక్క మొరిగినా ఆగి, మొత్తం విని, తల ఊపి గాని కదలని మనిషి. ప్రశ్న చెవిన పడగానే తల ఒక పక్కకి వంచుతాడు, కళ్ళు చికిలిస్తాడు, ఎక్కడో పక్క ఊళ్ళో ఎవరో మాట్లాడుతుంటే ఆలకిస్తున్నట్టు ముఖం పెడతాడు. ఇక అంతే. అడిగినవాళ్ళు ఈలోగా ఇంటికెళ్ళి స్నానం చేసి రావచ్చు.

ఇది ఉద్యోగం వల్ల అంటుకున్న జబ్బని అందరి నమ్మకం. ఆకాశంలోకి పంపిన ఒక యంత్రాన్ని నేల మీద కూర్చుని నడిపే గదిలో ఆయన పెద్ద ఉద్యోగి. ఆ యంత్రానికి మనుషులెవరూ తోడు లేరు. సూర్యుడి చుట్టూ తిరిగే ఒక గ్రహశకలం దగ్గరికి ఒంటరిగా వెళ్ళి, దాన్ని ఒక్కసారి తాకి, గుప్పెడు మట్టి గీరి, డబ్బాలో మూత పెట్టుకుని తిరిగి రావాలి. గదిలో అందరూ యంత్రాన్ని పిల్ల అంటారు, గ్రహశకలాన్ని రాయి అంటారు. ఆ పిల్ల ఎంత దూరం పోయిందంటే, "ఎలా ఉన్నావే?" అని ఇక్కడ అడిగితే ఆ మాట దాన్ని చేరడానికి పావుగంట. "బాగానే ఉన్నాను" అన్న కబురు మనకి చేరడానికి ఇంకో పావుగంట. ఏళ్ళ తరబడి ఇలాంటిదానితో మాట్లాడి మాట్లాడి, మామయ్యకి మనుషులతో కూడా అదే వరస పడిపోయింది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని ఊరికే అన్నారా?

"గుప్పెడు మట్టికి ఇంత తతంగమేమిట్రా? పెరట్లో కావలసినంత ఉంది, ఎవరొద్దన్నారు?" అని మామయ్య తల్లి ఒకసారి అడిగింది. ఆయన తల వంచి ఆలకించాడు. "ఆ మట్టి మన భూమి కన్నా పాతదమ్మా. వాన తగల్లేదు, గాలి తగల్లేదు, ఎలా పుట్టిందో అలాగే ఉంది. మన పుట్టుక కథ అందులో ఉందేమో చూద్దామని" అన్నాడు ఎంతో ప్రేమగా. అప్పటికి ఆవిడ గుర్రు పెడుతోంది.

ఇలాంటి మామయ్య పక్క కుర్చీలోకి దేవుడు తొందరమ్మని పంపించాడు. దేవుడికీ వేళాకోళం ఎక్కువే. ఆవిడకి అసలు పేరు వేరే ఉంది గాని, ఆ పేరు పూర్తిగా పలికేలోగా మనిషి అక్కడ ఉండదు కాబట్టి ఎవరూ వాడలేదు. నెలలు నిండకుండానే పుట్టిందని వాళ్ళమ్మ చెబుతుంది. ఎదుటివాళ్ళు సగం ప్రశ్న అడిగేసరికి దానికి జవాబు చెప్పి, వాళ్ళు ఇంకా అనుకోని రెండో ప్రశ్నకి కూడా చెప్పేస్తుంది. పిల్లకి పంపే ఆదేశాలు తయారుచేసే వరసలో ఐదుగురున్నారు, వాళ్ళలో తొందరమ్మ ఒకర్తె. ఎవరు తయారుచేసినా సరిచూసి "పంపు" అనవలసింది మామయ్యే. చేరిన మొదటి రోజున ఆవిడ "మిమ్మల్ని నేను కూడా మామయ్యా అని పిలవచ్చాండీ?" అని అడిగింది. ఆయన "అలాగేనమ్మా" అనేలోగా నలభైసార్లు పిలిచేసింది.

క్యాంటీన్ ఆవిడ మొదట్లో "టీ తాగుతారా మామయ్యా?" అని అడిగి నిలబడేది. కాళ్ళు పీకాక అడగడం మానేసి కప్పు బల్ల మీద పెట్టేసి పోవడం మొదలుపెట్టింది. మామయ్య ఆ టీ చివరిదాకా తాగి, కప్పు కింద పెట్టి, "వద్దమ్మా, ఇప్పుడే తాగాను" అనేవాడు. అదీ నిజమే.

మంగలి షాపులో ఇంకా అన్యాయం జరిగింది. "మీసం తీసేయమంటారా సార్?" అని మంగలి అడిగాడు. మామయ్య తల వంచాడు. వంచిన తల కత్తికి అనుకూలంగా ఉండటంతో మంగలి తన పని తను చేసుకుపోయాడు. పావుగంటకి మామయ్య వీధి మలుపులో ఆగి, వెనక్కి వచ్చి, "వద్దు బాబూ, ఉండనీ" అన్నాడు. మంగలి అద్దంలో ఆయన్ని చూశాడు, ఆయనా చూసుకున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన ఇంటికొస్తే భార్య గుర్తుపట్టి తలుపు తీయడానికి కాసేపు పట్టింది.

ఆ భార్యని గదిలో అందరూ అత్తయ్య అంటారు. తొందరమ్మకి ఆవిడంటే చెప్పలేనంత జాలి. ఒకరోజు అడిగేసింది కూడా.

"ఈయనతో కాపురం ఎలా చేస్తున్నారత్తయ్యా? నేనైతే ఈపాటికి గోడకేసి తల కొట్టుకునేదాన్ని."

"కిటుకు తెలియాలే. పిల్ల బయలుదేరిన కొత్తలో దగ్గర్లోనే ఉందిగా, అప్పుడు జవాబులు టకటకా వచ్చేసేవి. అది దూరం పోయినకొద్దీ ఈయనా దూరం పోయాడు. నేనేం చేస్తానంటే, నెలనెలా మీ ఆఫీసుకి ఫోన్ చేసి ఎంత దూరంలో ఉందో కనుక్కుంటాను. కాస్త దగ్గరికొచ్చిందంటే, ఆ వారంలోనే కొత్త కర్టెన్లు, ఇంటికి రంగులు, మా చెల్లెలింటికి ప్రయాణం, అన్నీ అడిగేస్తాను."

"డాక్టరుకి చూపించలేదా?"

"చూపించాను. డాక్టరు 'ఎన్నాళ్ళ నుంచి ఇలా?' అని అడిగాడు. ఈయన ఆలోచిస్తూ కూర్చున్నాడు. డాక్టరు విసుగెత్తి, పక్కనే పంటి నొప్పితో ఉన్న ఒకావిణ్ణి పిలిచి చూశాడు. నొప్పి తగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుందని ఆవిడ అడుగుతుండగా మా ఆయన 'ఎనిమిదేళ్ళు' అన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ ఆస్పత్రి గడప తొక్కితే ఒట్టు."

"మరి మీ అత్తగారు ఏమీ అనరా?"

అత్తయ్య ముసిముసిగా నవ్వింది. "మాకిద్దరికీ మొదట్లో క్షణం పడేది కాదు. కూరలో ఉప్పెక్కువైందని ఆవిడ, ఆవిడే రెండోసారి వేసిందని నేను. తప్పెవరిదో చెప్పమని ఈయన మీద పడేవాళ్ళం. ఈయన తల వంచేవాడు. పావుగంట అయ్యేసరికి నేనూ మా అత్తగారూ ఒకటైపోయి, 'ఈ మనిషికి నోరెందుకిచ్చాడో దేవుడు' అని ఈయన్నే తిడుతూ ఉండేవాళ్ళం. అంత తిట్టాక ఉప్పు సంగతి ఎవరికి కావాలి?"

తొందరమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వడమే గాని, ఆ మాటలో ఏముందో ఆరోజు ఆవిడ ఆలోచించలేదు. ఆలోచించడం కాస్త నెమ్మది మీద జరిగే పని.

రాయిని తాకవలసిన రోజు వచ్చింది. గది వెనక గాజు గోడ ఉంది. దాని అవతల పైవాళ్ళు బారులు తీరి కూర్చున్నారు. పైవాళ్ళంటే ఈ పనికి అనుమతులిచ్చి, ఇచ్చిన రోజు నుంచీ "ఇంకా ఎప్పుడు?" అని అడుగుతున్న పెద్దలు. డైరెక్టరు గారు గదికీ గాజు గోడకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు.

ఆ రాయి పేరుకే రాయి. నిజానికది మేడలంత బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్న గుట్ట. అందులో ఒకే ఒక్కచోట ఓ వాకిలంత మేర మెత్తటి గులకమట్టి ఉంది. గుట్టంతా బొంగరంలా తనలో తను తిరుగుతూ ఉంటుంది కాబట్టి, ఆ వాకిలి సరిగ్గా పిల్ల కిందికి వచ్చే వేళకి పిల్ల దిగాలి. ముందు దిగినా బండే, వెనక దిగినా బండే. అందుకని దిగడం ఎప్పుడు మొదలుపెట్టాలో ఆదేశంలో రాసి పంపాలి. గోడ మీద రెండు గడియారాలున్నాయి. పిల్ల దగ్గర ఏది ఎప్పుడు జరుగుతుందో ఒకటి చూపిస్తుంది. అది మనకి ఎప్పుడు కనబడుతుందో రెండోది చూపిస్తుంది. రెంటికీ పావుగంట తేడా. రాయవలసింది మొదటి గడియారం ప్రకారం. తొందరమ్మ రెండోది చూసి రాసింది.

"మామయ్యా, పంపనా?" అంది.

మామయ్య తెర మీది అంకెలు చూస్తూ తల పక్కకి వంచాడు.

మిగతా రోజుల్లో ఆవిడ గోళ్ళు కొరుక్కుంటూ ఆగేది. ఆరోజు గాజు గోడ వెనక అంతమంది, ముందు డైరెక్టరు గారి చూపు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మిగతా సగం ఆవిడే కలిపి మీట నొక్కేసింది.

పావుగంటకి మామయ్య, "వద్దమ్మా, గడియారం తప్పు చూశావు" అన్నాడు.

తొందరమ్మ గభాల్న మొదటి గడియారం వైపు తిరిగింది. పిల్ల పావుగంట ఆలస్యంగా దిగుతుంది. ఆసరికి మెత్తటి వాకిలి పక్కకి తిరిగిపోయి, దాని చోట ఓ బండరాయి వచ్చి నిలుస్తుంది. మామయ్య వెంటనే "ఆగు" అన్న ఆదేశం పంపించాడు. కానీ ఆ మాట చేరేసరికి జరగవలసింది జరిగిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఏం జరిగిందో తెలియాలన్నా అరగంట ఆగాలి. పిల్ల బతికి ఉందో, ముక్కలైపోయిందో, అరగంట దాకా ఎవరూ చెప్పలేరు.

కబురు గది దాటి గాజు గోడ అవతలికి పోయింది. అక్కడ కుర్చీలు కదిలాయి. డైరెక్టరు గారు మామయ్య బల్ల ముందుకొచ్చి నిలబడి, గోడలు అదిరేలా కేకేశారు.

"ఎవరండీ ఈ ఆదేశం పంపింది? మీ వరసలో ఐదుగురున్నారు. ఎవరో ఒకరి పేరు కావాలి నాకు. ఇప్పుడే, ఇక్కడే!"

తొందరమ్మకి ఉద్యోగం గుర్తొచ్చింది. ఇంటి దగ్గర అమ్మ గుర్తొచ్చింది. అన్నిటికన్నా, ఇంతమంది ఏళ్ళ కష్టాన్ని తన ఒక్క వేలితో బండకి కొట్టేశానన్న మాట గుండెలో రంపంలా కోసింది. చెప్పేయాలి. కుర్చీలోంచి సగం లేచింది.

"కూర్చో" అన్నాడు మామయ్య.

వెంటనే అన్నాడు. ఆవిడ మోకాళ్ళు ఇంకా పూర్తిగా నిటారు కానేలేదు, మాట వచ్చేసింది. గదిలో అందరూ ఒక్కసారి ఇటు తిరిగారు. క్యాంటీన్ ఆవిడ పోస్తున్న టీ కప్పు నిండి పళ్ళెంలోకి పొర్లింది. ఆకాశంలో ఏం జరుగుతోందో కాసేపు ఎవరికీ పట్టలేదు. మామయ్య అక్కడికక్కడ మాట్లాడటం ఆ భవనం కట్టాక అదే మొదలు.

తొందరమ్మ కూర్చుంది. మామయ్య డైరెక్టరు గారి వైపు తిరిగి, తల పక్కకి వంచి, కళ్ళు చికిలించి, ఆలకించడం మొదలుపెట్టాడు.

ఇక రెండు జవాబుల కోసం ఎదురుచూపు. ఒకటి ఆకాశం నుంచి రావాలి, ఒకటి మామయ్య నుంచి. పావుగంట అయింది. డైరెక్టరు గారు "ఊఁ?" అన్నారు. "ఆలోచిస్తున్నారండీ" అన్నారు వెనక నుంచి ఎవరో, గౌరవంగా. ఇంకా కాసేపైంది. ఆరోజు మామయ్య తన రికార్డు తనే బద్దలుకొట్టాడు. పిల్ల జవాబే ముందొచ్చింది.

పిల్ల దిగుతూ దిగుతూ కిందికి చూసిందట. దిగేముందు తనకి నేర్పిన వాకిలి బొమ్మతో కింద నేలని పోల్చి చూసుకుందట. పోలిక కుదరలేదు. ఇది నాకు చెప్పిన వాకిలి కాదని, ఎవరి అనుమతీ అడక్కుండా, బండ ఇంకా కిందనుండగానే తిరిగి పైకి వెళ్ళిపోయింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. మట్టి మాత్రం దొరకలేదు, మళ్ళీ ప్రయత్నించాలి. అంతే.

గది గదంతా గోల. డైరెక్టరు గారు చేతికి దొరికినవాళ్ళందరినీ కౌగిలించుకున్నారు. గాజు గోడ అవతల ఎవరో, పిల్ల తెలివితేటల్ని పరీక్షించడానికే ఇలా చేశారని ప్రచారం చేశారు. పైవాళ్ళు చప్పట్లు కొట్టి టీకి బయలుదేరారు. అప్పుడు మామయ్య గొంతు సవరించుకుని, డైరెక్టరు గారి భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలా అన్నాడు.

"నేనండీ. ఆ ఆదేశం బాధ్యత నాది."

"ఇప్పుడెవరడిగారండీ మిమ్మల్ని!" అన్నారు డైరెక్టరు గారు నవ్వుతూ.

డైరెక్టరు గారు అడగకపోయినా, టీకి బయలుదేరిన పైవాళ్ళలో ఒకరు విన్నారు. మర్నాటికల్లా వార్త వచ్చేసింది. రెండో ప్రయత్నంలో ఆ కుర్చీలో మామయ్య ఉండకూడదట. ఈ పిల్ల కాగితం మీద గీతగా ఉన్నప్పటి నుంచీ దానితో ఉన్న మనిషి, అది రాయిని తాకే వేళకి ఇంట్లో కూర్చోవాలన్నమాట. ఈ మాట వినగానే తొందరమ్మ మెట్లు మూడేసి చొప్పున ఎక్కి డైరెక్టరు గారి గదిలోకి పడింది.

"సార్, పంపింది నేను, మామయ్య కాదు, ఆయన పంపమనలేదు, నేనే ఆగలేదు, రెండో గడియారం చూశాను, తప్పంతా నాది, ఆయన్ని కుర్చీలోంచి లేపకండి, నన్ను తీసేయండి" అంది ఊపిరి తీసుకోకుండా.

"కూర్చోమ్మా. నాకు తెలుసు."

"తెలుసా!"

"అంత త్వరగా తప్పు చేయగలిగిన మనిషివి ఈ భవనంలో నువ్వొక్కదానివే."

"తెలిసి కూడా అంత అరిచారేంటి సార్?"

డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గాజు గోడ వెనక వాళ్ళున్నారు. నేను అరవకపోతే వాళ్ళు అరుస్తారు. వాళ్ళు అరిస్తే నీ ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది. అందుకని నేనే అరిచాను. అరవాలి గాని, జవాబు రాకూడదు. ఆ గదిలో ఇంకెవర్ని అడిగినా ఠక్కున నీ పేరు చెప్పేస్తారు. అందుకే వెతుక్కుని వెళ్ళి ఆయన్ని అడిగాను."

తొందరమ్మ ఇందాక కూర్చోమన్న కుర్చీలో ఇప్పుడు కూర్చుంది.

"నేనూ ఒకప్పుడు ఆ వరసలోనే కూర్చున్నానమ్మా. అది ఇంకో పిల్ల, ఇంకో రాయి. నేనూ ఒక తప్పు చేశాను, నీకన్నా పెద్దదే. ఎవరు చేశారని అప్పటి డైరెక్టరు మామయ్యని అడిగాడు. జవాబు వచ్చేసరికి ఆ డైరెక్టరు రిటైరైపోయాడు."

కోపంతో అడిగిన ప్రశ్నకి మామయ్య జవాబు ఎప్పుడూ కోపం పోయాకే వస్తుందని, వచ్చేసరికి అది ఎవరికీ గుచ్చుకోదని, ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని కూడా తను చూడలేదని తొందరమ్మకి సిగ్గేసింది. దాని వెనకే బోలెడంత ప్రేమ ముంచుకొచ్చింది.

"అయితే ఈ పావుగంటంతా నటనా సార్?"

"నేనూ ఆ రోజుల్లోనే అడిగాను. ఇంకా చెప్పలేదు."

"మరి కుర్చీ?"

"దానికేం? లేవమని నేను హుకుం వేస్తే బాగుండదు కదా. 'కుర్చీలోంచి లేస్తారా?' అని పొద్దున మర్యాదగా ఆయన్నే అడిగాను. తల వంచారు. విషయం పరిశీలనలో ఉందని పైవాళ్ళకి రాసేశాను. జవాబు వచ్చేదాకా ఆయన కూర్చోవలసిందే, నువ్వూ నేనూ ఏం చేస్తాం?"

రెండో ప్రయత్నం నాడు మామయ్య ఆ కుర్చీలోనే ఉన్నాడు. తొందరమ్మ మొదటి గడియారం చూసి రాసి, నాలుగుసార్లు సరిచూసుకుని, "పంపనా మామయ్యా?" అంది. ఆయన తల వంచాడు. ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. పావుగంటకి "పంపు తల్లీ" అన్నాడు. పిల్ల దిగింది, వాకిలిని తాకింది, గుప్పెడు మట్టి గీరుకుని, ఇంటి ముఖం పట్టింది.

అది ఇంటికి చేరడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ పైవాళ్ళకి నెలనెలా "విషయం పరిశీలనలో ఉంది" అన్న ముక్కే వెళ్ళింది. పిల్ల దగ్గరవుతున్నకొద్దీ అత్తయ్య ఇంటికి రంగులు వేయించింది, చెల్లెలింటికి రెండుసార్లు వెళ్ళొచ్చింది.

చివరికి డబ్బా దిగింది. గాలి కూడా జాగ్రత్తగా వడకట్టే గదిలో, గాజు పెట్టెలో పెట్టి మూత తెరిచారు. లోపల బొగ్గుపొడిలా నల్లటి మట్టి, నాలుగైదు చిన్న గులకలు. ప్రపంచంలో అంతకన్నా అందమైన మసి ఇంకొకటి లేదన్నట్టు అందరూ గాజుకి ముక్కులు ఆనించి చూశారు. తొందరమ్మ కళ్ళు తుడుచుకుంది. మామయ్య చాలాసేపు చూసి, నెమ్మదిగా డైరెక్టరు గారి దగ్గరికొచ్చాడు.

"లేస్తానండీ" అన్నాడు.

"ఎక్కడి నుంచండీ? నిలబడే ఉన్నారుగా" అన్నారు డైరెక్టరు గారు. అంతలో ఆయనకి గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందటి ప్రశ్న.

"పిల్ల వచ్చేసింది కదండీ. ఇక ఇంట్లో ఉంటాను" అన్నాడు మామయ్య.

డైరెక్టరు గారు కళ్ళజోడు సర్దుకుని, "సరే మరి, ఇంకో పిల్ల తయారవుతోంది. దాని కోసం మీ కుర్చీలో ఎవర్ని..." అన్నారు. అలవాటు కొద్దీ చుట్టూ ఉన్నవాళ్ళు కాళ్ళు మార్చుకుని నిలబడ్డారు. క్యాంటీన్ ఆవిడ ఎందుకైనా మంచిదని ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈ అమ్మాయిని" అన్నాడు మామయ్య, ప్రశ్న ఇంకా పూర్తికాకుండానే, తొందరమ్మని చూపించి.

అందరూ తొందరమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా, కూర్చుంటావా?" అని అడిగారు డైరెక్టరు గారు.

ఆవిడ "సరే" అనడానికి పావుగంట పట్టింది.